ఎర్ర చుక్క పెట్టిన మీటరు

మీటర్ల మేస్త్రీ ఈ లోకంలో నమ్మేది ఒక్కదాన్నే, తన కొట్లో కిటికీ కింద ఉన్న బల్లని. దాని మీద ఒక చిన్న మోటారు బిగించి ఉంటుంది. పాత కార్ల నుంచి ఊడదీసిన స్పీడు మీటర్లని దానికి తగిలించి తిప్పితే, ముల్లు చూపించాల్సినంత చూపిస్తోందో లేదో తేలిపోతుంది. తేలాక ఆయన మీటరు వెనక మర మీద సూదిమొనంత ఎర్ర రంగు చుక్క పెడతాడు. ఆ చుక్క పడిందంటే ఇక ఆ మీటరు గురించి మాట్లాడటానికి ఏమీ లేనట్టే. ఇంట్లో తనకి ఒళ్ళు కాలిపోతున్నా సరే, ముందు థర్మామీటరు సరిగ్గా ఉందో లేదో చూడమంటాడు. "మీ జ్వరం కూడా బల్ల ఎక్కి దిగితేగానీ జ్వరం కాదు కదా" అని భార్య దెప్పుతుంది. ఆయన నవ్వడు. అందులో నవ్వడానికి ఏముందో ఆయనకి నిజంగానే అర్థం కాదు.

తన చుక్క ఉన్న మీటరు నలభై ఏళ్ళలో ఒక్కటి కూడా తిరిగి రాలేదని చెప్పుకుంటాడు. నలుగురిలో చెప్పుకుంటే పోనీలే అనుకోవచ్చు. కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

ఆ గురువారం పొద్దున కొట్టు తెరిచి ఇంకా బల్లయినా తుడవలేదు, తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒకప్పుడు ఈ మనిషి ఈల వేసుకుంటూ లోపలికి దూసుకొచ్చి, అన్నయ్య స్టూలే లాక్కుని కూర్చునేవాడు. తొమ్మిదేళ్ళుగా రమ్మంటేగానీ గుమ్మం దాటడు. ఏడాదిన్నర చిన్నవాడు, జుట్టు మాత్రం అన్నయ్య కన్నా ముందే పండిపోయింది.

"అన్నయ్యా, అది ఒప్పుకుంది" అన్నాడు.

"ఎవరు?"

"పిచ్చుక."

పిచ్చుక అంటే తమ్ముడి కూతురు. చిన్నప్పుడు నోటికి తాళం పడేది కాదని వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. స్కూల్లో పెద్ద క్లాసులకి లెక్కలు చెబుతుంది, స్కూలు పక్కనే గది తీసుకుని ఉంటుంది. తండ్రితో బొత్తిగా మాట్లాడదని కాదు. మందులు అయిపోయాయా, కుళాయి బాగు చేయించారా, అంతవరకు మాట్లాడుతుంది. నాన్నా అని మాత్రం పిలవదు. ఆ పిలుపు రాకుండా మాటలు ఎలా కూర్చుకోవాలో అలవాటు చేసుకుంది. పక్కనుండి విన్నవాళ్ళకి ఆ తేడా తెలియదు. తమ్ముడికి ప్రతిసారీ తెలుస్తుంది.

"ఆదివారం వస్తుందట. కారులో నా పక్కన కూర్చుంటానంది" అన్నాడు తమ్ముడు. "ఊరి బయట పెద్ద రోడ్డు మీద నాలుగు కిలోమీటరు రాళ్ళు, మధ్యలో మూడు కిలోమీటర్లు. ముల్లుని డెబ్బై మీద కదలకుండా పట్టి ఉంచమంది. తను గడియారం పెట్టి చూస్తుందట. డెబ్బైలో పోతే రాయికీ రాయికీ మధ్య యాభై ఒకటిన్నర సెకన్లు పట్టాలట. ఈ పరీక్ష పెట్టమని నేను అడగలేదు అన్నయ్యా. తనే అడిగింది."

మేస్త్రీ చేతిలోని గుడ్డని బల్ల మీద పెట్టాడు. ఆ కారులో ఆ పిల్ల కూర్చోవడమనేది ఈ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట.

ఆ కారు యాభై ఏళ్ళ నాటిది, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ముదురాకుపచ్చ రంగు, పైకప్పు గుడ్డది. ఎవరి దొడ్లోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుంటే అన్నదమ్ములిద్దరూ చూసి తెచ్చారు. ఇంజను పని తమ్ముడిది, మీటర్ల పని అన్నయ్యది. నాలుగేళ్ళ ఆదివారాలు దానికే పోశారు. "మా తోడికోడళ్ళిద్దరికీ కలిపి ఇది ఒక్కటే సవతి" అని మరదలు ఎగతాళి చేసేది. అయినా కారు తయారయ్యాక అందరికన్నా ముందు ఎక్కింది ఆవిడే.

కొన్నాళ్ళకి, పెద్ద రోడ్డు మీద ఇంజను ఊరికే అరుస్తోందని తమ్ముడు వెనక యాక్సిల్ తీసేసి వేరే రకం తెచ్చి వేశాడు. దాంతో ఇంజను అరవకుండానే కారు జోరుగా పోవడం మొదలుపెట్టింది. అలా మార్చినప్పుడు ఇంకో చిన్న మార్పు కూడా చెయ్యాలి. గేర్‌బాక్సు తోక దగ్గర బొటనవేలంత పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. మీటరు దాకా వెళ్ళే కేబుల్‌ని తిప్పేది అదే. యాక్సిల్ మారితే అదీ మారాలి. లేకపోతే కారు పోయే వేగం ఒకటి, ముల్లు చూపించే వేగం ఒకటి అవుతుంది. ఆ పని అన్నయ్యది. "చూశావా?" అని తమ్ముడు అడిగాడు. "చూశాను" అన్నాడు మేస్త్రీ.

రెండేళ్ళు తిరక్కముందే, వాన పడి వెలిసిన ఒక మధ్యాహ్నం, వంతెన ముందు మలుపులో ఆ కారు జారి గోడని గుద్దుకుంది. ఎడమ పక్క నలిగిపోయింది. ఆ పక్కన కూర్చున్న మరదలు అక్కడికక్కడే పోయింది. ఆ మలుపులో డెబ్బై దాటకూడదు. పోలీసులు రోడ్డు మీద టైరు గీతలు కొలిచి తొంభైకి పైనే అని రాశారు. తమ్ముడు పట్టిన పట్టు విడవలేదు, ముల్లు డెబ్బై మీదే ఉందన్నాడు. ఆవిడ "కొంచెం మెల్లగా పోనివ్వండి, నాకు భయంగా ఉంది" అంటే, తనే వేలు పెట్టి ముల్లు చూపించి "డెబ్బైయే కదా" అన్నానని కోర్టులో అందరి ముందూ చెప్పాడు. అది చెప్పకుండా ఉంటేనే బాగుండేది. పదిహేడేళ్ళ పిచ్చుక వెనక బెంచీలో కూర్చుని ఆ మాట విన్నది.

కోర్టువాళ్ళు ఆ మీటరొక్కదాన్నే ఊడదీసి పరీక్షకి పంపారు. అది కచ్చితంగా చూపించింది. తమ్ముడి తరఫు లాయరు మేస్త్రీని బోనెక్కించి, ఏ విధంగానైనా ఆ మీటరు తప్పు చూపించే వీలుందా అని అడిగాడు. వీలుందన్న ఒక్క మాట చాలు, అది అందుకుని అల్లుకుపోదామని చూశాడు పాపం. మేస్త్రీ నిటారుగా నిలబడి "నా చుక్క ఉన్న మీటరు తప్పదు" అన్నాడు. తమ్ముడికి పద్దెనిమిది నెలల జైలు పడింది. ఆ పద్దెనిమిది నెలలూ పిచ్చుక మేస్త్రీ ఇంట్లోనే పెరిగింది.

విచిత్రమేమిటంటే తమ్ముడికి అన్నయ్య మీద కోపం లేదు. అన్నయ్య మీటరు సరైనదే, తను చూసిన ముల్లూ నిజమే, కాబట్టి పోలీసుల కొలత తప్పు. ఆ లెక్క పట్టుకునే బతుకుతున్నాడు. బయటికొచ్చాక ఆ కారుని మళ్ళీ రేకు రేకూ సాగదీసి బాగు చేశాడు. చూసినవాళ్ళు మతి పోయిందనుకున్నారు. ఎప్పటికైనా ఆ కారులోనే కూర్చోబెట్టి కూతురికి చూపించాలి, ఆయన కోరిక అదొక్కటే.

"ఒక్కసారి మీటరు చూసి పెట్టు అన్నయ్యా" అన్నాడు గుమ్మం దగ్గరి నుంచే. "ఇన్నేళ్ళు తిరగలేదు కదా, పట్టేసిందేమో."

"లోపలికి రా ముందు. గుమ్మంలో నిలబడి అప్పులవాడిలా ఏమిటది" అన్నాడు మేస్త్రీ.

*

మధ్యాహ్నానికి మీటరు బల్ల మీదికి వచ్చింది. మేస్త్రీ పాత చుక్కని గోటితో గీకి, మూత విప్పి, దుమ్ము ఊది, ఇరుసుకి బొట్టు నూనె వేసి మోటారుకి తగిలించాడు. ముప్పై అంటే ముప్పై, డెబ్బై అంటే డెబ్బై, నూరు అంటే నూరు. వెంట్రుకవాసి తేడా లేదు. మామూలుగా అయితే అక్కడే చుక్క పెట్టేసేవాడు. ఈసారి పెట్టలేదు. పరీక్ష పెట్టేది లెక్కల టీచరు, అదీ రోడ్డు మీద. బల్ల చెప్పిందే రోడ్డూ చెబుతుందని ఒకసారి కళ్ళారా చూసుకుని, అప్పుడు పెడదామనుకున్నాడు. అనుమానంతో కాదు. ఈ ఒక్క మీటరునైనా ఇంకొంచెం బాగా చూడాలని ప్రేమ.

మర్నాడు తమ్ముడి షెడ్డుకి వెళ్ళాడు. రేకుల కప్పు, సిమెంటు నేల, బయట పాతిక మీటర్లకి పైగా చదునైన ఖాళీ స్థలం. మీటరు పళ్ళెం మీద అడుగున చిన్న అక్షరాలతో ఆరువందల నలభై అని ఉంటుంది. కారు కిలోమీటరు నడిస్తే కేబుల్ ఆరువందల నలభై చుట్లు తిరగాలని దానర్థం. పాతిక మీటర్లకి పదహారు చుట్లు. మేస్త్రీ నేల మీద సుద్దతో రెండు గీతలు గీసి, మధ్య దూరం టేపుతో రెండుసార్లు కొలిచాడు. కేబుల్ కొసకి అట్టముక్కతో చేసిన బాణం గుర్తు తగిలించి, సీట్లో ఒరిగి తల డాష్‌బోర్డు కింద పెట్టాడు.

"తొయ్యి" అన్నాడు.

తమ్ముడు వెనక నుంచి తోశాడు. కారు మెల్లగా కదిలింది. అట్టముక్క తిరగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. గీత దగ్గర "ఆపు" అనేసరికి పన్నెండు అయి, ఇంకో పావు చుట్టు తిరిగింది. తను ఎక్కడో లెక్క తప్పాననుకున్నాడు మేస్త్రీ.

"మళ్ళీ తొయ్యాలి."

మళ్ళీ పన్నెండుంపావు. మూడోసారీ పన్నెండుంపావు.

"లెక్క నీకు తప్పుతోంది, నడుము నాకు విరుగుతోంది" అన్నాడు తమ్ముడు వెనక నుంచి, ఆయాసపడుతూనే నవ్వుతూ. ఆయన నవ్వడం విని చాలా కాలమైంది. "ఎలా ఉంది అన్నయ్యా?"

మేస్త్రీ తల డాష్‌బోర్డు కిందే ఉంది. అక్కడ వైర్ల వాసన, పాత తోలు వాసన. ఎదురుగా మూడు వేళ్ళ దూరంలో అట్టముక్క కదలకుండా ఉంది. పదహారు తిరగాల్సిన చోట పన్నెండుంపావు తిరిగితే ముల్లు డెబ్బై చూపించేటప్పుడు కారు ఎంతలో ఉంటుందో లెక్క వెయ్యడానికి ఆయనకి కాగితం అక్కర్లేదు. తొంభై ఒకటి.

పదకొండేళ్ళ కింద "చూశాను" అన్నప్పుడు ఆయన చూసింది బల్ల మీద మీటరుని మాత్రమే. కారు కిందికి దూరనేలేదు. ఆవేళ కొత్త చొక్కా వేసుకున్నాడు, అంతే కారణం. బల్ల మీద అంత ముచ్చటగా నిలబడిన ముల్లు కారులో ఎందుకు తప్పుతుందిలే అనుకున్నాడు. ఆ అనుకోవడం మీదనే చుక్క పెట్టాడు, ఆ చుక్క మీదనే కోర్టులో ప్రమాణం చేశాడు. మరదలు భయమేస్తోందంది. ఆవిడకి తెలిసింది. తొంభై తొంభైలాగే ఉంటుంది ఒంటికి. తమ్ముడు ఆవిడ మాట కాదని అన్నయ్య ముల్లుని నమ్మాడు.

"అన్నయ్యా? ఎలా ఉందంటే?"

"బాగానే ఉంది" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది, కాదనడానికి లేదు. "అయితే నేను పెట్రోలు పట్టుకొస్తా" అని తమ్ముడు డబ్బా పట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

తర్వాత జరిగింది ఎలా చెప్పినా మేస్త్రీని వెనకేసుకు రావడం కష్టం. కారు జాకీ మీద ఎత్తాడు. వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. గేర్‌బాక్సు తోక దగ్గర మర విప్పితే, ఆ చిన్న పళ్ళచక్రం నూనె కారుతూ చేతిలోకి వచ్చింది. పదిహేడు పళ్ళు. ఉండాల్సినవి పదమూడు. ఆయన సామాన్ల పెట్టెలో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటుంది, దాని నిండా అలాంటి తెల్లటి పళ్ళచక్రాలే. పదమూడు పళ్ళది వెతికి తీశాడు, తుడిచాడు, బిగించాడు. ఊడదీసినదాన్ని ఎప్పటిలాగే డబ్బాలోకి విసిరేశాడు. అది వెళ్ళి మిగతావాటిలో పడింది. తప్పు మీటరుతో కారుని తన చేతి కింద నుంచి పంపడం ఆయనకి చేతకాదు. నలభై ఏళ్ళుగా ఆ చేతులు చేసింది అదే పని, తప్పు కనిపిస్తే దిద్దడం. చేతులు వాటంతటవి దిద్దుకుంటూ పోయాయి.

కానీ అన్నీ చేతుల మీదికి నెట్టేస్తే ఎలా. ఆ నూనె చుక్కలు మణికట్టు మీద పడుతుంటే ఆయనకి లోపల ఒక ఆలోచన నడుస్తూనే ఉంది. తమ్ముడికి చెబితే ఏమవుతుంది? నేను జోరుగా పోలేదు, నా తప్పు లేదు అన్న ఆ ఒక్క కొయ్య పట్టుకుని ఇన్నేళ్ళు తేలుతున్నాడు. చెబితే అదీ లాగేసినట్టే. ఇలా దిద్దేస్తే ఆదివారం ముల్లు నిజం చెబుతుంది, కూతురు నమ్ముతుంది, అందరికీ మంచిదే. ఇలా సర్దిచెప్పుకున్నాడు. ఇందులో తన పరువు కూడా ఉందన్నది, తమ్ముడి మొహం చూడలేనన్న పిరికితనం కూడా ఉందన్నది, ఆ మాటల్తో అనుకోలేదు. ఆ పిల్ల తలలో ఏముందో మాత్రం అసలు ఆలోచించలేదు.

తమ్ముడు పెట్రోలుతో వచ్చేసరికి మేస్త్రీ చేతులు కడుక్కుంటున్నాడు. చివరిగా ఒకసారి తోయించి లెక్కపెట్టాడు. పదహారు. మీటరు బిగించాడు, చుక్క మాత్రం పెట్టలేకపోయాడు. రంగు సీసా కొట్లో మర్చిపోయానన్నాడు.

*

ఆదివారం పొద్దున్నే పెద్ద రోడ్డు ఖాళీగా ఉంది. మేస్త్రీ మొదటి రాయి పక్కన నిలబడ్డాడు. కారులో రెండే సీట్లు, ఆయనకి చోటు లేదు. పిచ్చుక స్కూటరు మీద వచ్చింది. హెల్మెట్ తీసి, ఆయన చొక్కా కాలరు సరిచేసి, "పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా పెదనాన్నా?" అని అడిగింది. తర్వాత కారు దగ్గరికి నడిచింది. ఎడమ తలుపు మీద చెయ్యి వేసి కాసేపు ఆగిపోయింది. తమ్ముడు స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఆ పిల్ల కూర్చుని తలుపు వేసుకుంది. మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు.

కారు వెళ్ళింది. అటు వెళ్ళడం, తిరిగి రావడం, పావుగంట కూడా పట్టలేదు.

తమ్ముడు దిగుతూనే ఇరవై ఏళ్ళ కుర్రాడిలా అన్నయ్య భుజం పట్టుకుని ఊపేశాడు. "సెకను తేడా లేదు. మూడు కిలోమీటర్లూ అంతే. నేను మొదటి నుంచీ చెప్పలేదా అన్నయ్యా, నీ మీటరు తప్పదని."

పిచ్చుక నెమ్మదిగా దిగింది. చేతిలో మడత పెట్టిన కాగితం. "యాభై ఒకటీ ఆరు. యాభై ఒకటీ రెండు. యాభై ఒకటీ ఐదు" అని చదివింది. కాగితాన్ని మళ్ళీ మడిచింది. "మీటరు సరిగ్గానే ఉంది పెదనాన్నా."

"అదే కదమ్మా నేను చెబుతున్నది" అన్నాడు తమ్ముడు.

ఆ పిల్ల తండ్రి వైపు తిరగలేదు. "నేను వేరేలా అనుకుని వచ్చాను పెదనాన్నా. పోయిన నెల పిల్లలకి చక్రాల లెక్క చెబుతున్నాను. చక్రం మారితే చుట్లు మారతాయని బోర్డు మీద రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. కోర్టువాళ్ళు మీటరొక్కదాన్నే విప్పి చూశారు కదా. కారులో పెట్టాక ఎవరూ చూడలేదు. విప్పితే బాగుండి, కారులో తప్పు చూపించచ్చు కదా. అలాగైతే ఆయనకి ముల్లు డెబ్బై మీదే కనిపించి ఉంటుంది. కారు తొంభైలో పోయి ఉంటుంది. పోలీసులూ అబద్ధం చెప్పనట్టు, ఆయనా అబద్ధం చెప్పనట్టు."

మేస్త్రీ రాయి మీద చెయ్యి ఆనించాడు.

"నాకు వారం నుంచి నిద్ర లేదు" అంది ఆ పిల్ల. "తప్పు చూపిస్తే బాగుండు, తప్పు చూపిస్తే బాగుండు అనుకుంటూ వచ్చాను. మొదటి రాయి దాటాక గడియారం చూస్తే యాభై ఒకటి. ముల్లు నిజమే చెబుతోంది. మరి ఆ రోజు తొంభైలో పోతూ అమ్మకి ఏ ముల్లు చూపించినట్టు?"

తమ్ముడి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

"నేను చెబుతా వినమ్మా" అన్నాడు మేస్త్రీ. "ముల్లు మొన్న శుక్రవారం దాకా తప్పు చూపించింది. నేనే దిద్దాను. పదిహేడు పళ్ళ చక్రం ఉంది లోపల. పదమూడు ఉండాలి. అప్పట్లో యాక్సిల్ మార్చినప్పుడు నేను కిందికి దూరి చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను. మీ నాన్న చెప్పింది నిజం. ముల్లు డెబ్బై మీదే ఉంది. కారు తొంభై ఒకటిలో ఉంది. మీ అమ్మ చావు నా చేతి మీద ఉంది."

పిచ్చుక ఆయన్నే చూసింది. ఒక క్షణం ఆ కళ్ళలో ఆశలాంటిదేదో లేచింది. టీచరు కదా, వెంటనే అడిగింది.

"ఆ పదిహేడు పళ్ళ చక్రం ఏది?"

"డబ్బాలో వేశాను."

"డబ్బాలో అలాంటివి ఎన్నున్నాయి?"

"పదిహేడు పళ్ళవే పదో, పన్నెండో."

"అందులో ఇది ఏదో చెప్పగలరా?"

అన్నీ ఒకే అచ్చులో పోసినవి, అన్నీ నూనె జిడ్డువే.

"లెక్కపెట్టినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"తోసింది నేనే" అన్నాడు తమ్ముడు. "మూడుసార్లు తోశాను. బాగానే ఉందన్నావు కదా అన్నయ్యా. నేను రెండుసార్లు అడిగాను. బాగానే ఉందన్నావు."

ఆ పిల్ల కళ్ళలో లేచిన ఆశ పడిపోయింది. మేస్త్రీ అది పడిపోవడం చూశాడు.

"పెదనాన్నా" అంది, ఈసారి చాలా మెత్తగా. "సొంత తమ్ముడని కూడా చూడకుండా ఆ రోజు బోనులో ఉన్నది ఉన్నట్టు చెప్పారు మీరు. మా ఇంట్లో నిజం చెప్పే మనిషి ఒక్కరున్నారని, అది పట్టుకునే నేను లేచి తిరిగాను. ఇప్పుడు ఆయన కోసం మీరు కూడా ఇలా మాట్లాడితే నాకు ఎవరూ మిగలరు. వద్దు."

"ఇది అబద్ధం కాదమ్మా. అదే అబద్ధం, ఆ రోజుదే."

"మీ చుక్క ఉన్న మీటరు తప్పదు పెదనాన్నా" అంది ఆ పిల్ల. ఎదురు చెప్పినట్టు అనలేదు. జ్వరం వచ్చిన పిల్లాడికి చెప్పినట్టు అంది. హెల్మెట్ పెట్టుకుని, స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయింది. తండ్రితో వెళ్ళొస్తానని కూడా అనలేదు.

*

తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రీ ఆ ఎడమ సీట్లో కూర్చున్నాడు. తమ్ముడు నలభై దాటనివ్వలేదు. ఊరి మొదటి ఇళ్ళు వచ్చాయి.

"నా మాట నమ్మరా" అన్నాడు మేస్త్రీ చివరికి. "పిల్ల నమ్మకపోతే పోనీ. నువ్వైనా నమ్ము."

తమ్ముడు రోడ్డు మీదే చూస్తున్నాడు. స్టీరింగు మీద చేతులు బిగుసుకున్నాయి, కాసేపటికి వదులయ్యాయి.

"అలాగైతే నేను తొంభై ఒకటిలో ఉన్నట్టు కదా అన్నయ్యా" అన్నాడు నెమ్మదిగా. "అది భయమేస్తోందని చెబుతూనే ఉంది. నేను తొంభై ఒకటిలో పోతూ డెబ్బైయే కదా అన్నట్టు."

మేస్త్రీ ముల్లు వైపు చూశాడు.

"కాదు" అన్నాడు తమ్ముడు, తనకి తనే. "డెబ్బైయే. ఇవాళ మళ్ళీ చూశాం కదా. సెకను తేడా లేదు." కాస్త ఆగి, "నా కోసం నీ చేతిపని మీద నువ్వే మన్ను పోసుకోకు అన్నయ్యా. అది నాకు ఇష్టం లేదు" అన్నాడు.

కారుని షెడ్డుకి తీసుకుపోలేదు. కొట్టు ముందు ఆపాడు. మేస్త్రీ తాళం తీస్తే, తమ్ముడు ఈసారి రమ్మనకుండానే లోపలికి వచ్చాడు. కిటికీ కింద అరలో వెతికి ఎర్ర రంగు సీసా తీసి, మూత విప్పి, బల్ల మీద పెట్టాడు. తర్వాత కారు దగ్గరికి వెళ్ళి డాష్‌బోర్డు నుంచి మీటరు మరలు విప్పి, కేబుల్ ఊడదీసి, మీటరుని రెండు చేతుల్తో పట్టుకొచ్చాడు. బోర్లా తిప్పి సీసా పక్కన పెట్టాడు. గీకేసిన పాత చుక్క ఉన్న చోట ఇత్తడి మెరుస్తోంది.

"చుక్క పెట్టు" అన్నాడు.

మేస్త్రీ కదల్లేదు.

"పెట్టు అన్నయ్యా. మీటరు సరిగ్గా ఉందా లేదా?"

"ఉంది."

"మరి పెట్టు."

చెక్కిన అగ్గిపుల్ల ఒకటి సీసా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మేస్త్రీ దాన్ని తీసుకుని రంగులో ముంచాడు. ఎక్కువైన రంగుని సీసా అంచుకి తుడిచాడు. తమ్ముడు పక్కనే నిలబడి, మర మీదికి వంగి, చిన్నప్పుడు అన్నయ్య గాలిపటం కడుతుంటే చూసినట్టు చూస్తున్నాడు.

మేస్త్రీ చుక్క పెట్టాడు. మీటరు సరిగ్గా ఉంది, చుక్క పెట్టకపోవడానికి ఆయన దగ్గర కారణమేమీ లేదు.

"ఆరనివ్వు" అన్నాడు. ఇద్దరూ అది ఆరేదాకా అక్కడే నిలబడ్డారు.